దండ వేసిన ల్యాప్‌టాప్

సెప్టెంబర్ 25

పొద్దుట్నుంచీ ముసురు. పెదనాన్న రాలిన వక్కలు ఏరించాడు. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

సాగర టౌన్లో ఒక ఇంజనీరు కట్టబోయే ఇంటికి కంప్యూటర్ బొమ్మలతో సినిమా చేస్తున్నాను. గుమ్మంలోంచి వంటింటి దాకా నడిచినట్టు కనిపించాలి. విజయదశమి ఉదయం శంకుస్థాపన దగ్గర యజమానికి చూపిస్తాడట. ఆ వేళకి అందకపోతే ఇకమీదట పనంతా సాగరలోనే ఉన్న ఒక కుర్రాడికి ఇస్తానన్నాడు. నాకు వచ్చిన మొదటి పని ఇది.

లెక్క వేశాను. నేను గీయడం ఇరవై తొమ్మిదికి అవుతుంది, దాన్ని సినిమాగా మార్చడానికి ల్యాప్‌టాప్‌కి దాదాపు మూడు రోజులు; ఈ వేగంతో దశమి మధ్యాహ్నానికి గానీ అవదు. ఇక్కడ నెట్ అందదు, పట్టుకెళ్ళి ఇవ్వాల్సిందే; సాగర బస్సు పొద్దున్నే.

సెప్టెంబర్ 27

ల్యాప్‌టాప్‌లో బొమ్మల పని చేసే గ్రాఫిక్స్ కార్డు వేగం పెంచాలని నిర్ణయం. ముందు మూత విప్పి కుంచెతో దుమ్ము దులిపాను. పిడికెడు వచ్చింది. కింద రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తాను. వేడి ఎనభై ఆరు డిగ్రీల నుంచి డెబ్బై తొమ్మిదికి దిగింది.

కార్డు పేలితే ఇంటి పెంకులు లేస్తాయా అని పెద్దమ్మ అడిగింది. పేలదన్నాను. అయితే నువ్వెందుకే దూరంగా కూర్చున్నావ్, అంది.

సెప్టెంబర్ 28

కార్డు వేగం ఇరవై అయిదు మెగాహెర్ట్జ్ పెంచడం, పరీక్ష పెట్టడం, వేడి చూడటం. మళ్ళీ ఇరవై అయిదు. వోల్టేజి జోలికి పోలేదు.

నూట డెబ్బై అయిదు దగ్గర తెర మీద ఆకుపచ్చ గళ్ళు వచ్చి బిగుసుకుపోయింది. ఆశ ఎక్కువైంది దానికి కాదు, నీకు, అన్నాడు పెదనాన్న. నూట ఇరవై అయిదుకి దిగాను. నిలబడింది.

లాభం నూటికి ఎనిమిది. అంతే. బస్సుకి అది చాలు.

సెప్టెంబర్ 30

గీసిందంతా సినిమాగా మార్చే పని నిన్న సాయంత్రం ల్యాప్‌టాప్‌కి అప్పజెప్పాను. నడుస్తోంది. వాన లేదు.

అక్టోబర్ 1, ఆయుధపూజ

హాల్లో కొడవళ్ళు, మందుకొట్టే యంత్రం, వక్కలు ఒలిచే యంత్రం, టేబుల్ ఫ్యాను వరసగా పెట్టారు. ల్యాప్‌టాప్‌ని వదిలెయ్యమని చెప్పి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి దానికి గంధం, కుంకుమ. వెనక వేడిగాలి వచ్చే చోట నిండు బంతిపూల దండ.

ఇంట్లో అన్నిటికీ బొట్టు పెట్టి దాన్నొక్కదాన్నీ బోడిగా ఉంచనా, పాపం రాత్రింబగళ్ళు కష్టపడుతోంది, అంది పెద్దమ్మ.

తీసేద్దామని చెయ్యి చాపాను. పెద్దమ్మ పట్టుకుంది. పూజ చేసిన సామాను రేపు పొద్దున దాకా ముట్టకూడదు. ఇది తెలియనిదాన్ని కాదు. పోనీ ఆపెయ్యమంది. ముట్టకుండా ఎలా ఆపుతుంది, స్విచ్‌కి కూడా నువ్వే బొట్టు పెట్టావుగా, అన్నాడు పెదనాన్న.

తెర మూలన అంకె తొంభై మూడు. ఇంకా ఎక్కితే తనే వేగం తగ్గించుకుంటుంది, బస్సు తప్పుతుంది అని చెప్పాను.

దండని కర్రతో లాగుదామా అన్నాడు పెదనాన్న. దేవుడి మెడలో దండైతే అలాగే లాగుతావా అంది పెద్దమ్మ. టేబుల్ ఫ్యాను పెట్టడానికీ లేదు. అదీ పూజలోనే ఉంది.

పెద్దమ్మ అటక మీంచి వక్కచెట్టు మట్టతో చేసిన విసనకర్ర దించి, పీట వేసుకుని విసరడం మొదలుపెట్టింది.

తొంభై. ఎనభై ఎనిమిది. పూలు వేడికి వాడి సందులిచ్చాయి. ఎనభై నాలుగు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం విసిరాం. నాకు నడుం పోయింది. పెదనాన్న విసురుతూ నిద్రపోయాడు. వంతు మీద వంతు పెద్దమ్మే తీసుకుంది.

ప్రసాదానికొచ్చిన పక్కింటి గణపన్న చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. ఏ దేవుడమ్మా, అని మెల్లిగా అడిగాడు. ఇంజనీరు గారి ఇల్లు నాయనా, పైకప్పు దాకా వచ్చింది, మాట్లాడకు, అంది పెద్దమ్మ.

అక్టోబర్ 2

తెల్లారేదాకా విసిరిన పెద్దమ్మ స్నానం చేసి పూలు తీసింది. సినిమా పూర్తయి ఉంది. మొదటి బస్సుకి నేనూ పెదనాన్నా సాగర బయల్దేరాం. పెద్దమ్మ రాలేదు. కుడిచెయ్యి పైకి లేవలేదు.