సారెడు అని రాయబోయి

రాజశేఖరూ, నీ నడుం నొప్పి ఎలా ఉంది నాయనా? ఫ్యాక్టరీలో నిలబడి చేసే పనే ఇంకా ఇస్తున్నారా? ఆశ్రితా, దగ్గు తగ్గిందా తల్లీ? స్వాతమ్మా, నీ తలనొప్పి గురించి అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

ఖరగ్‌పూర్ పూరీ గేట్‌లో ఉంటున్న గొర్లె సింహాచలమ్మ అనే నేను, కీర్తిశేషులు తవిటయ్య గారి భార్యను, వయస్సు డెబ్బై నాలుగు, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉంది. గుండె దడ ఉంది గాని అది పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, వీలునామాకు అడ్డం కాదని ప్లీడరు అనిల్ కుమార్ గారు చెప్పారు. నేను చదివింది మూడో తరగతి. అందుకే ఈసారి గుణింతాలు ఆయన చేత దిద్దించాను.

1. ఇల్లు నా కొడుకు రాజశేఖర్‌కు, కోడలు స్వాతికి చెరిసగం. ముందు కొడుకు ఒక్కడి పేరే రాసి కొట్టేశాను. ఆ కొట్టివేత నాదే, పక్కన సంతకం కూడా పెట్టాను.

2. నా చెవి దుద్దులు మనవరాలు ఆశ్రితకు. ఎడమదాని మర వదులు. దారం చుట్టి పెట్టుకో, ఎక్కడ పడిపోతుందోనని నాకు భయం.

3. ఇత్తడి గంగాళం నా ఆడపడుచు వసంతకు. అడిగి అడిగి నీ నోరు అరిగింది, తీసుకో. కానీ జువ్వి చెట్టు చచ్చిన రోజు నువ్వు, "కోడలి సెయ్యి సెట్టుకే కలిసిరానేదు, ఇంటికేటి కలిసొస్తాది?" అన్నావు. నేను తల ఊపాను. నువ్వన్నది నువ్వు మోసుకో, ఊపిన సిగ్గు నాది.

4. మూడు జల్లెళ్లు, ఇటుక ముక్కల డబ్బా, స్టీమ్ ఇంజన్ల నాటి బొగ్గు చిట్టెం డబ్బా స్వాతికి. ఆ జువ్విని మీ మావయ్య వర్క్‌షాప్ గోడ పగుల్లోంచి పీకి తెచ్చి, ముప్పై నాలుగేళ్లు రేకు పళ్లెంలో జానెడెత్తునే పెంచారు. బజారు మట్టి ఏనాడూ వెయ్యలేదు, నీరు నిలిచి వేరు కుళ్లుతుందని. ఇటుక ముక్కలు, చిట్టెం, ముతక ఇసుక, ఆకు ఎరువు, చివర్న ఎరువుగా నూనె తీసిన ఆవచెక్క ఒక్క చారెడు.

5. ఆ చారెడు దగ్గరే నా పాపం. కిందటేడు కంటి ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేరాను. చెట్టుకు మట్టి మార్చే అదను దాటిపోతుందన్న బెంగతో స్వాతికి కొలతలు రాసిచ్చాను. మన నోట చారెడు సారెడే కదా. అలాగే రాయబోయి, దీర్ఘం బదులు ఏత్వం పెట్టి, సేరెడు అని రాశాను. పాపం, పిల్ల ఫోన్ చేసి అడిగింది. "అత్తయ్యా, సేరంటే కిలో దగ్గరుంటాది. అంత సెక్కేటి?" నాకు పౌరుషం వచ్చింది. "కాయితంలో ఏటుంటే అదే సెయ్యి. నాకు సదువు రాదనుకుంటన్నావేటి?" అన్నాను.

ఆవచెక్క వేడికి చెట్టు వేళ్లు మాడి, పది రోజుల్లో ఆకంతా రాలింది. స్వాతి కాగితం వెతికితే దొరకలేదు. "సేరెడని ఎందుకు రాస్తాను, మతిపోనాదేటి?" అని నలుగురిలో దులిపేశాను. నెల తిరక్కుండా వాళ్లు ఊళ్లోనే ఇందా పేటలో అద్దెకు వెళ్లిపోయారు. తరవాత ఆ కాగితం ఆవచెక్క డబ్బా అడుగున నాకు దొరికింది. నా అక్షరాలే. దాన్ని బియ్యం డ్రమ్ములో దాచాను. ఏడాదిగా ఆ బియ్యమే తింటున్నాను.

6. సదరు కాగితం నా తదనంతరం స్వాతికి అందజేయాలి.

ఆరో అంశం రద్దు. సాక్షి సంతకానికి పిలిస్తే పక్కింటి ఆలిస్ ఇదంతా విని, "మర్ కే మాఫీ మాంగేగీ తో బహూ గుస్సా కిస్ పే కరేగీ, దీదీ?" అంది. నిజమే. చచ్చాక క్షమించమంటే, పిల్ల కోపం ఎవరి మీద తీర్చుకుంటుంది? తిట్టడానికైనా నేనుండాలి.

7. చెట్టు చావకముందు కత్తిరించి ఇచ్చిన జువ్వి కొమ్మ ఒకటి ఆలిస్ పెరట్లో వేరు పట్టింది. అది స్వాతిది. మట్టి తనే కలపాలి. కొలత తన ఇష్టం.

తేదీ: 6 నవంబరు 2025
(సంతకం) గొర్లె సింహాచలమ్మ
సాక్షులు: ఆలిస్, అనిల్ కుమార్

ఈ నకలు రేపు అనిల్ కుమార్ గారు తెచ్చిస్తారు. తొమ్మిదో తేదీ ఆదివారం పొద్దున్న పదింటికి కొమ్మ, కాగితం పట్టుకుని నేనే ఇందా వస్తాను. తలుపు తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటాను.