మొదటి కడవ

బుధవారం రాత్రి

ఆస్పత్రి నుంచి బిడ్డనెత్తుకొని ఇంటికొస్తే గడపలోనే ఫినాయిల్ వాసన. కొళాయికి నీళ్లొచ్చి ఎన్నాళ్లయిందో. నేను చెంబెడు ఎక్కువ వాడితే సణిగే అత్త, దాచిన కడవ నీళ్లన్నీ పోసి బండలు, మంచం కోళ్లు, తలుపు గడియ కూడా సబ్బుతో కడిగి ఫినాయిల్ పెట్టి తుడిచింది.

"క్రిములు కంటికి కనపడవని నర్సమ్మ చెప్పింది కదమ్మా" అనింది.

"మనవరాలిని ఎత్తుకో అత్తా" అన్నా.

"యాడ ఎత్తుకునేది? నీళ్లు పోసుకునేకి చుక్క లేదు. ఈ చెమట ఒంటితో పసిబిడ్డను తాకుతారా?"

పొద్దుగూకేదాకా గడపకాడ నుంచే బిడ్డను చూసి నవ్వుతా కూర్చునింది.

కొళాయి రేపన్నా వస్తుందో రాదో. వస్తే మొదటి కడవ అత్త స్నానానికే కాగబెడతా. సణిగితే సణగనీ.