చివరి టోకెన్లు ఎవరివి?

అమ్మా,

నీ పెద్దదాని నమస్కారాలు. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. అంటే ఎవరికీ జ్వరం లేదు, ఇంటి పైకప్పు ఊడిపడలేదు, ఆ లెక్కన బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, చిన్నదీ, దాని పిల్లాడూ ఇంతకంటే నయంగా ఉన్నారనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. ముందు నీ ప్రశ్నలకి జవాబులు చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ ఉత్తరంలో అవే అడుగుతావు. వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు కారడం లేదు, కూతలు పెడుతోంది. నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు, నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితేనే. కళ్ళద్దాల షాపులో నాకు జీతం పెంచలేదు. పెంచుతానని మా ఓనరు మళ్ళీ అన్నాడు, అంతే. రోజంతా పరాయివాళ్ళ అద్దాలు అరగదీస్తూ కూర్చుంటే నా కళ్ళే మసకబారుతున్నాయి. పిల్లాడు ఏడుపు మొదలుపెడితే వీధి చివరికి వినిపిస్తోందని రాశావు. వాడికి నీ గొంతు వచ్చినట్టుంది, ఏం చేస్తాం.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. "మీ నాన్న పెట్టె ఎలా నడుస్తోంది?" అన్నావు. అమ్మా, ఆ పెట్టె పేరెత్తితే నాకు ఒళ్ళు మండిపోతోంది. అయినా చెప్తాను. పొయ్యి దగ్గర నిలబడి కాదు, ఒకచోట కూర్చుని చదువు.

చిన్నది కూడా పక్కన కూర్చుని చదువుతుందని తెలుసు, అందుకని దానికీ అర్థమయ్యేలా మొదట్నించీ రాస్తున్నాను. మన బజార్లో అందరూ బిట్‌కాయిన్ తీసుకుంటారు గానీ, ఒక టీకో, తెగిన చెప్పుకి వేసిన నాలుగు కుట్లకో దాన్ని నేరుగా పంపాలంటే టీ ఖరీదు కన్నా పంపే ఖర్చే ఎక్కువయ్యేది. అందుకని నాన్న తన ఫ్యాన్ల రిపేరు కొట్లో బల్ల కింద ఆ చిన్న కంప్యూటర్ పెట్టాడు. మన బిట్‌కాయిన్ ఆ పెట్టెలో వేస్తే, దానికి సరిపడా టోకెన్లు మన ఫోన్లోకి వస్తాయి. బజార్లో చేతులు మారేవి ఆ టోకెన్లే. కావాలన్నప్పుడు వాటిని పెట్టెకి తిరిగిచ్చి మన బిట్‌కాయిన్ మనం తీసుకోవచ్చు. ఒక టోకెన్ చెల్లుతుందో లేదో పెట్టెకి తెలుసు గానీ, అది ఎవరిదో తెలియదు. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో నాన్నకైనా కనబడదు. మొగుడికి తెలియకుండా పెళ్ళాం, పెళ్ళానికి తెలియకుండా మొగుడు కొనుక్కోవచ్చని బజారంతా సంబరపడిపోయింది.

కానీ అసలు బిట్‌కాయిన్ ఉండేది నాన్న పెట్టెలో. మన ఫోన్లో ఉండేది నాన్న ఇచ్చిన మాట, అంతకుమించి ఏమీ లేదు. ఈ ముక్క నీకు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. "అది చిల్లర పెట్టుకునే సంచీ అమ్మా, బీరువా కాదు. టీ నీళ్ళకి సరిపడా ఉంచుకుని మిగతాది నీ సొంత ఖాతాలో దాచుకో" అన్నాను. గోడకి చెప్పినట్టే అయింది. "మీ నాన్న పరాయి పైసా ముట్టడే, ఆయన్ని నమ్మక ఎవర్ని నమ్మమంటావ్" అన్నావు. కుట్టుపని మీద కట్టుడు పళ్ళ సెట్ కోసం కూడబెట్టిందంతా తీసుకెళ్ళి అందులో వేశావు. పైగా ఆ సంగతి నాన్నకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నావు. ఆయన చేతికి ఎముక లేదట, తెలిస్తే ఎవరికో ఇచ్చేస్తాడట! డబ్బు ఆయన పెట్టెలో ఉండొచ్చు, ఉందన్న సంగతి మాత్రం ఆయనకి తెలియకూడదు. ఇదేం నమ్మకమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీ ఇద్దరి మధ్యా నా తల ప్రాణం తోకకొస్తోంది.

నాన్న దొంగ కాదు. దొంగైతే కనీసం నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. జరిగింది విను.

టీ కొట్టు అక్క ఫోను గ్లాసులు కడిగే బకెట్లో పడింది. టోకెన్లు ఉండేది ఫోన్లోనే కాబట్టి ఫోనుతోపాటు అవీ పోయాయి. మళ్ళీ తెరుచుకోవడానికి రాసి దాచుకోవాల్సిన మాటలు కొన్ని ఉంటాయి, ఆవిడ రాసుకోలేదు. నాన్న బల్ల ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంకేముంది, నాన్న కరిగిపోయాడు. కొత్తగా బిట్‌కాయిన్ ఏమీ వేయకుండానే, పోయినన్ని టోకెన్లు పుట్టించి ఇచ్చేశాడు. పెట్టె ఆయనది, ఎన్ని ఇమ్మంటే అన్ని ఇస్తుంది. వద్దనేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు అసలే లేరు. కొన్నాళ్ళకి ఆవిడ ఫోను ఆరి పనిచేయడం మొదలుపెట్టింది. అందులో పాత టోకెన్లు నిక్షేపంగా ఉన్నాయి. చక్కగా చెల్లాయి కూడా. పాపం, ఆవిడేమీ మోసగత్తె కాదు. ఇదేదో పెట్టె ఇస్తున్న వడ్డీ అనుకుంది.

ఆ తరవాత చూడాలి నాన్న దర్బారు! ఫోను పారేసుకున్నవాళ్ళు, పిల్లలు ఫోను నేలకేసి కొట్టినవాళ్ళు, పాత ఫోను అమ్మేసి టోకెన్ల సంగతి మరిచిపోయినవాళ్ళు, అందరూ కొట్టు ముందే. ఒక్కరినీ కాదనలేదు. ఆ అమ్మేసిన ఫోన్లు కొనుక్కున్నవాళ్ళు వాటిలోని టోకెన్లు హాయిగా ఖర్చుపెట్టుకున్నారు. ఈయన మాత్రం నలుగురికి మేలు చేశానని మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

ఒకరోజు నేను టీకి వెళ్తే అక్క నవ్వుతూ, "మీ నాన్న పెట్టె బ్యాంకు కన్నా నయమమ్మా, వడ్డీ అడక్కుండానే ఇస్తుంది" అంది. ఆ పెట్టెకి వడ్డీ ఎక్కడిది? గ్లాసు అక్కడే పెట్టేసి కొట్టుకి పరిగెత్తాను. నాన్న ఫ్యాన్ మోటారుకి తీగ చుడుతున్నాడు.

"నాన్నా, బయట ఎన్ని టోకెన్లున్నాయి, లోపల ఎంత బిట్‌కాయిన్ ఉంది, రెండూ చూపించు."

"ఉండవే, చుట్లు తప్పుతాయి."

"చుట్లు తప్పితే ఒక ఫ్యానే పోతుంది. ముందు ఇది చూపించు."

చూశాం. బయట తిరుగుతున్నదానికన్నా లోపల ఉన్నది బాగా తక్కువ. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ చూశాడు.

"ఒక్క పైసా తీసుకోలేదే నేను."

"తీసుకోలేదు నాన్నా, ఇచ్చావు. నీది కానిది ఇచ్చావు."

"ఏడుస్తూ వస్తే లేదని ఎలా అంటానే?"

"అంత జాలేస్తే నీ జేబులోంచి ఇవ్వాల్సింది!"

"నా జేబులో ఉంటే కదా" అన్నాడు. ఆ మాటకి నవ్వాలో, తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు.

లోటు ఉందని చెబితే అందరూ ఒకేసారి మీదపడతారు. మోచేతుల్లో బలం ఉన్నవాళ్ళు ముందు తీసుకుపోతారు, వెనకున్నవాళ్ళకి మట్టి మిగులుతుంది. అందుకని నేనే ఒక మాట అల్లాను. నాన్నకి ఓపిక లేదు, పెట్టె మూసేస్తున్నాం, ఎవరిది వాళ్ళు ఈ వారంలో తీసేసుకోండి అని. వచ్చినవాళ్ళందరికీ వచ్చినట్టే ఇచ్చాం. టీ అక్క తీసుకుంది. చెప్పులు కుట్టే బాబాయ్ తోలు కొనడానికి దాచుకున్నదంతా తీసుకుని, నాన్న చేతులు పట్టుకుని, "నీలాంటి మనిషి ఉండబట్టి సరిపోయింది" అన్నాడు. నాన్న తల ఎత్తలేదు. వారం ముగిసేసరికి పెట్టె ఊడ్చినట్టు ఖాళీ అయింది. చచ్చిన ఫోన్లతోపాటు పోయినవి పోగా, బయట ఇంకా మిగిలిన టోకెన్లు కొన్ని ఉన్నాయి.

అవి నీవి అమ్మా.

ఇక్కడ ఆగి నీళ్ళు తాగు. తరవాత తిడుదువుగాని.

ఫోన్లో చెప్పేది నీకు సగం వినపడదు కాబట్టి కబుర్లకి ఉత్తరం, కొంప మునిగితే మెసేజ్, ఇదీ మన పద్ధతి. కొంప మునిగింది, నేను మెసేజ్ పెట్టలేదు. ఆ వారమంతా ఫోను నా చేతిలోనే ఉంది. ఒక్క ముక్క రాస్తే చిన్నది నీకు చదివి వినిపించేది, నువ్వు అక్కడినుంచే అందరికన్నా ముందు నీది తీసేసుకునేదానివి. రాశాను కూడా, చెరిపేశాను. మళ్ళీ రాసి మళ్ళీ చెరిపేశాను. ఎందుకంటే లోటు ఇంచుమించు నీ పళ్ళ సెట్ అంత ఉంది. నీది నీకొస్తే బాబాయ్ తోలు డబ్బు పోతుంది, లేదా ఇంకొకరిది పోతుంది. వాళ్ళని నాన్న నమ్మించాడు. నిన్ను కూడా నమ్మించాడనుకో, కానీ నువ్వు మనదానివి. మనదానివి కాబట్టి నీకే అన్యాయం చేశాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నువ్వు నవ్వే రోజుని నేనే వెనక్కి తోసేశాను, అదీ నిన్ను అడక్కుండా. అడిగితే "వాళ్ళకే ఇచ్చెయ్యవే" అనేదానివని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజంగా అనేదానివో కాదో నాకు తెలియదు. అడగలేదు కదా.

నేను పెట్టిన మంట చాలనట్టు, ఇప్పుడు నాన్న ఇంకోటి మొదలుపెట్టాడు. పెట్టె కట్టేద్దామంటే వినడు.

"ఇంకా ఎవరిదో మిగిలి ఉందే. ఎవరో రాలేదు."

"అవీ పాడైన ఫోన్లలోవే అయ్యుంటాయి నాన్నా, వదిలెయ్."

"కాకపోతేనో? ఎవరైనా పెద్దావిడ అయితేనో? ఊళ్ళో లేదేమో, ఎవరూ చెప్పలేదేమో ఆవిడకి."

నేను స్క్రూడ్రైవర్ వెతుకుతున్నట్టు బల్ల కిందకి దూరాను. ఏం చెప్పను? నీకు వేసిన ఒట్టు ఒకటి, నా సిగ్గు ఒకటి, రెండూ అడ్డం పడ్డాయి.

అప్పట్నించీ ఆయన టీ మానేశాడు. ఆదివారం కూడా కొట్టు తీస్తున్నాడు. సాయంత్రం చేతికొచ్చిందాంట్లో ఇంటి ఖర్చుకి నాకు ఇవ్వగా మిగిలిందంతా ఆ పెట్టెలో వేస్తున్నాడు. ఆ ఎవరో వచ్చినప్పుడు ఖాళీ చేతులతో పంపకూడదట. నేనూ నా జీతంలోంచి కొంత వేశాను, అయినా ఎక్కువ ఆయనదే. ఇది కాక, ఎవరైనా టోకెన్ మార్చుకుంటే వెలిగేలా పెట్టెకి చిన్న బల్బు ఒకటి తగిలించాడు. తీగ చుడుతూ చుడుతూ దానివైపే చూస్తాడు. మెడ పట్టేస్తుంది నాన్నా అంటే వినడు. నీ పళ్ళకి ఆయనే కడుతున్నాడమ్మా, ఎవరికి కడుతున్నాడో తెలియకుండా.

నన్ను ఎన్ని తిట్టాలో తిట్టు, నాతో మాట్లాడకపోయినా సరే. కానీ ఇది చదవగానే ఒక్క పని చెయ్యి. అంతా తీసుకోవద్దు, అంత లేదు ఇంకా. ఒక్క టీ ఖరీదంత మార్చుకో, పంపే ఖర్చు దానికన్నా ఎక్కువైనా సరే. ఎవరిదో ఆయనకి తెలియదు. ఎవరో ఉన్నారని, వచ్చారని మాత్రం తెలుస్తుంది. నేను రోజూ మధ్యాహ్నం అన్నం కొట్టుకే తీసుకెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుని తింటున్నాను. ఆ వేళకే మార్చు. ఆ బల్బు వెలిగినప్పుడు ఆయన్ని నేను చూడాలి.

ఇట్లు,
నిన్ను అడక్కుండా పని చేసిన
నీ పెద్దకూతురు