పదో బంతి

అక్కా,

నేను కులాసా. చెయ్యి గురించి బెంగపెట్టుకోకు. మూడేళ్ల కిందట లేత్ మిషనులో వేళ్లు నలిగినప్పుడు, ఇక గోల్ఫ్ ఆడనని కర్రలన్నీ అమ్మేశాను కదా. మొన్న ఆదివారం ఆట మీద మళ్లీ మనసు పోయింది. కొత్త కర్రల ధర మనకు అందేది కాదు, అందుకని పాతసామాన్ల దుకాణానికి వెళ్లాను. పూర్తి సెట్టు ఒకటి బేరమాడుతుంటే దుకాణం పెద్దావిడ, "ముందు పట్టుకుని చూడు నాయనా" అంది. రెండు వేళ్లు ముడుచుకోలేదు. సిగ్గేసి వచ్చేయబోయాను.

"అన్నీ ఇప్పుడే ఎందుకు? ఐదు చాలు. పిడికి లావుగా టేపు చుట్టిస్తాను, కూర్చో" అంది. అలాగే చుట్టి, చవగ్గానే ఇచ్చింది.

మైదానంలో తొమ్మిది బంతులు ఎటో పోయాయి. పదోది తిన్నగా వెళ్లింది. అది ఆగాక కూడా అటే చూస్తూ నిలబడ్డాను.

నా పాత గ్లోవు బీరువా కింది అరలో ఉంటుంది, పంపించు. బావగారి దగ్గు తగ్గిందా? వంటింటి కప్పు కారడం ఆగిందా? ఆయనకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

అక్షరాలు వంకరపోయాయని నవ్వకు. ఇన్నాళ్లూ పక్కగది గుమాస్తాగారి చేత రాయించాను. ఈ కార్డు నేనే రాశాను.

నీ తమ్ముడు