కానుగకి పదకొండు చిగుళ్లు

మే 14, బుధవారం

వీధి గుమ్మం ముందున్న కానుగ చెట్టుకి ఈ ఉదయం పదకొండు చిగుళ్లు కనిపించాయి. రెండుసార్లు లెక్కపెట్టాను.

ఎండిపోయిందని రేపు కొట్టించడానికి మనిషిని కూడా పిలిచి ఉంచాను. తప్పు నాదే. ఆకులు ఊడవడం సులువని మొదలు చుట్టూ సిమెంటు చేయించాను. ఈ ఎండల్లో వేళ్లకి చుక్క నీరు దిగలేదు. అదే సిమెంటు పగులులో వయ్యారిభామ కలుపు మొక్క మాత్రం మోకాలెత్తు పెరిగింది.

కిందటి నెల చేతికి గుడ్డ చుట్టుకుని దాన్ని పీకితే సిమెంటు పెచ్చు కూడా లేచొచ్చింది. ఆ కన్నంలో పనిమనిషి సూరమ్మ రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోస్తోంది. గుమ్మంలో బురద చేస్తున్నావని ఎన్నిసార్లు కోప్పడ్డానో!

ఇవాళ చిగుళ్లు చూపిస్తే, "సూసారా మామ్మగారూ! దానికి దాహమేసింది గానీ సావలేదు. మీరేటి, బేగి పాడె కట్టేద్దారనుకున్నారు!" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను.

పై కొమ్మలింకా ఎండుగానే ఉన్నాయి. ఈ వేసవి గట్టెక్కుతుందో లేదో...

ఆ మనిషిని రేపు రమ్మనే చెప్పాను. గొడ్డలి వద్దు, గునపం తెమ్మన్నాను. మిగిలిన సిమెంటంతా తీయించాలి. గుమ్మంలో బురదైతే అవనీ.