గ్రాస్ అనే ముక్క

మార్చి 4, మంగళవారం

ఎంక్వైరీ కమిటీలో నన్నూ వేశారు. హెడ్ నర్సును కాబట్టి తప్పదట. మొన్న ఆదివారం మధ్యాహ్నం పిచ్చుక డ్యూటీలో కునుకు తీసింది. బక్కపలచగా ఉండి ఎగురుతున్నట్టు నడుస్తుందని ఆ నర్సుపిల్లను వార్డంతా అలాగే పిలుస్తాం. సెలైన్ సీసా ఖాళీ అయి, ట్యూబులోకి రక్తం వెనక్కొచ్చింది. పేషెంటు పెద్దాయనకు ఏమీ కాలేదు. ఆయన కొడుకు మాత్రం నిద్రపోతున్న పిల్లను వీడియో తీశాడు. కాళ్ళు పీకుతున్నాయి. ఇంక రాయలేను.

మార్చి 6

సూపరింటెండెంట్ గారు రిపోర్టు చదివి పెదవి విరిచారు. నెగ్లిజెన్స్, అంటే నిర్లక్ష్యం, అని రాస్తే చాలదట, దాని ముందు గ్రాస్ చేర్చాలట. ఒక్క ముక్కేగా అన్నారు. ఉత్త నెగ్లిజెన్స్ అయితే ఒక ఇంక్రిమెంట్ పోతుంది. గ్రాస్ అయితే ఉద్యోగమే పోతుంది.

సాయంత్రం 7

మా అమ్మాయి డిక్షనరీ తీశాను. గ్రాస్ అంటే మొత్తం, లావు, మోటు. ఎక్కడో కింద అసలుది దొరికింది: కొట్టొచ్చినట్టు కనబడే, ఏ సాకూ చెల్లనంత. గ్రాస్ ఎర్రర్, గ్రాస్ ఇన్‌జస్టిస్. అన్నీ చెడ్డవే. మనం పచ్చి అబద్ధం అన్నట్టే పచ్చి నిజం అని కూడా అంటాం. దీనికి ఆపాటి మర్యాద కూడా లేదు.

మార్చి 7

రిజిస్టర్ ప్రకారం పిచ్చుక శనివారం రాత్రి ఇంట్లో హాయిగా పడుకుని, ఆదివారం పొద్దున డ్యూటీకి వచ్చింది. అందుకే సాకు చెల్లదంటున్నారు. నిజానికి శనివారం రాత్రి డ్యూటీ కూడా తనే చేసింది. రావాల్సినామె రాలేదు. బతిమాలి ఉంచేసింది నేనే. రిజిస్టర్లో మాత్రం ఆ రానామె పేరే రాశాను. వరసగా రెండు డ్యూటీలు వేస్తే నాకు మెమో వస్తుంది. మనుషుల్లేరు, ఏం చెయ్యను! ఇన్నేళ్ళూ ఇలాగే నెట్టుకొచ్చాను.

మార్చి 8

పిచ్చుక కారిడార్లో ఎదురైంది. నా పేరు ఎక్కడా ఎత్తలేదట, ఎత్తదట కూడా. మీరేం కంగారుపడకండక్కా అని నాకే ధైర్యం చెప్పింది. చెంప ఛెళ్ళుమనిపించినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 10, ఉదయం 5

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళే, నోరు మూసుకోమంటున్నారు మా ఆయన. అదీ నిజమే.

మధ్యాహ్నం

రాసిచ్చేశాను. రెండు డ్యూటీలూ వేసింది, రిజిస్టర్లో తప్పు పేరు రాసింది నేనేనని. మతిపోయిందా మీకు అన్నారు సూపరింటెండెంట్ గారు. కమిటీలోంచి అక్కడికక్కడే తీసేశారు.

మార్చి 19

ఆర్డర్లు వచ్చాయి. పిచ్చుకది నెగ్లిజెన్స్. నాది గ్రాస్.

ఆకలేస్తోంది. వెళ్ళి తింటాను.