సలోమి టీచరమ్మ జతచదువుకి ఇల్లు దఖలు

రాజోలు తాలూకా వాసిని, నేలపూడి మత్తయి అనే నేను, వయసు నలభై తొమ్మిది, బుర్ర సరిగ్గా పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసిన వీలునామా ఇది. దేవుడి సాక్షిగా అనడం లేదు. ఆయన ఉన్నాడా లేడా అన్న వాదన నాలో ఇంకా తెగలేదు. గుండె బాగోలేదని డాక్టరు చెప్పబట్టి రాస్తున్నాను.

1. మా అమ్మ సలోమి టీచరమ్మ కిందటేడు చనిపోయింది. ఆమె నడిపిన పద్ధతిని మా పేటలో జతచదువు అంటారు. పదో తరగతి గట్టెక్కినవాళ్ళు తలా ఒక పిల్లని చేరదీసి, ఆ పిల్ల కూడా గట్టెక్కేదాకా వదలకూడదు. ఎవరికెవరు జతో అమ్మే చెప్పేది. నా వాటా పెంకుటిల్లు, కొబ్బరి దొడ్డి నా తదనంతరం జతచదువుకే దఖలు. కాయల దింపు మీద వచ్చేది దీపాలకీ, పుస్తకాలకీ, పరీక్ష ఫీజులకీ.

2. తమ్ముడు దానం కువైట్ నుంచి వచ్చి అమ్మకి పాలరాతి సమాధి కట్టిస్తానన్నాడు. కూలివాళ్ళ పిల్లలు బుడ్డిదీపాల పొగలో చదువుతుంటే చచ్చినవాళ్ళకి పాలరాయేమిట్రా అన్నాను. "అమ్మని పూడ్చిన రోజు కూడా ఉపన్యాసమే ఇచ్చేవు కదా అన్నయ్యా" అన్నాడు. ఇచ్చాను. అమ్మ బైబిలు వాడికి. అందులో పిచ్చిగీతలు చిన్నప్పుడు నేను గీసినవి. చెరపనివ్వలేదు అమ్మ.

3. మా కూలి సంఘం మిత్రులు ఈ ఇంటిని ఆఫీసు చేద్దామంటున్నారు. వీల్లేదు. అమ్మ నాకిచ్చిన జత పక్కింటి అమ్మాజీ. లెక్కలు చెప్పమంది. ఆ పిల్లది కంచు గొంతు. సభల్లో పాటలకని కొత్తపేట, ఉప్పలగుప్తం, ఊరూరా తిప్పాను, సరిగ్గా పరీక్షల ముందు. చదువు పేదవాడి హక్కని మైకులో నేను అరుస్తుంటే, పక్కన ఆ పిల్ల తాళం వేస్తూ నిలబడింది. లెక్కల్లో తప్పింది. ఇంట్లోవాళ్ళు మళ్ళీ పరీక్షకి కట్టనివ్వలేదు, పెళ్ళి చేసేశారు. ఇవాళ కొబ్బరి పీచు కొడుతోంది. భూస్వాముల్ని తిడుతూ ఎన్ని కరపత్రాలు రాశానో! ఈ పిల్ల చదువు చెడగొట్టింది ఏ భూస్వామీ కాదు. అమ్మ నన్నొక మాట అనలేదు. ఏటా బడి తెరిచేటప్పుడు అరుగు మీద జతలు చెబుతూ నా పేరు దాటేసేది. పోయేదాకా నాకు ఇంకో పిల్లని ఇవ్వలేదు.

4. అమ్మాజీకి సగం దొడ్డి రాస్తానని వెళ్ళాను. "మీ దొడ్డి మాకెందుకండీ అన్నయ్యగారూ? మా పాప మూడోక్లాసండి. దానికి ఎవరైనా చెప్పొచ్చండి, మీరు తప్ప" అంది. పీచు దులుపుకుంటూ, నవ్వుతూనే అంది. దాన్నే షరతుగా రాస్తున్నాను: నేను బతికున్నన్నాళ్ళూ ఆ పాపకి నన్ను జత వేయకూడదు. మంచి జతని వేయాలి. నా కరపత్రాలు సంఘం పట్టుకుపోవచ్చు.

5. ఈ వీలునామా అమలు బాధ్యత, ఇవాళ్టి నుంచే జతలు వేసే అధికారం, అమలాపురంలో పంతులమ్మగా ఉన్న చెల్లెలు సరోజినివి. మొహమాటపడకు చెల్లీ, పనికిరానివాడి పేరు దాటెయ్యి. ఇంటికి పేరు అమ్మదే ఉండాలి. నా ఫోటో ఆ గోడకి ఎక్కకూడదు.

6. జనవరి నుంచి పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఆ ఇంట్లో సభ గానీ, పాట గానీ, ప్రార్థన కూడిక గానీ పెట్టరాదు. ఆ నెలల్లో నేను పోతే సంతాపసభ వద్దు. శవాన్ని ఆ వీధిన తేవద్దు, చుట్టూ తిప్పి తీసుకెళ్ళండి. పిల్లలు చదువుకుంటూ ఉంటారు.

1984 నవంబరు 18, రాజోలు.

(సంతకం) నేలపూడి మత్తయి

మా ఎదుట సంతకం చేశారు:
మాణిక్యాలరావు, పోస్టుమాస్టరు
సుబ్బరాజు, రైతు